గోధుమల దిగుమతి దేశ భద్రతకు ముప్పా? మాల్థస్, రికార్డోల వివాదంపై చర్చ

ప్రశ్న:
స్వదేశంలో క్వార్టరు (ధాన్యానికి వాడిన పాత బ్రిటిష్ కొలత) గోధుమల ధర 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ గోధుమలను అమ్మకానికి రానివ్వకూడదని 1815లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. తిండికి పరాయి దేశం మీద ఆధారపడితే యుద్ధం వచ్చిననాడు గతి ఏమిటన్నది ఈ కట్టడిని సమర్థించిన ఆర్థికవేత్త మాల్థస్ భయం. ధర ఒక హద్దు దాటితే ఎగుమతి ఆపేలా ఫ్రాన్సు చేసుకున్న చట్టాన్ని ఆయన సాక్ష్యంగా చూపారు. సంపద కంటే దేశ రక్షణే ముఖ్యమని స్వేచ్ఛా వాణిజ్యాన్ని కోరిన ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ అంతటివారే అన్నప్పుడు, మాల్థస్‌ను తప్పుపట్టడం ఎలా?

సమాధానం:
స్మిత్ ఆ మాట అన్నది నౌకాయాన చట్టాల (సరుకు రవాణాలో బ్రిటిష్ ఓడలకు రక్షణ ఇచ్చినవి) గురించి అండీ, ధాన్యం గురించి కాదు. ఇక ఈ కట్టడిని వ్యతిరేకించిన ఆర్థికవేత్త రికార్డో అదే 1815లో ఇచ్చిన జవాబు చూడండి. ఏటా ఇంగ్లండు కొంటుందన్న నమ్మకంతో బీడు దున్ని, పెట్టుబడి పెట్టి పండించిన విదేశీ రైతుకు హఠాత్తుగా ఆ సంత మూసేస్తే, ముందు కుదేలయ్యేది ఆ రైతే గనుక, ఏ ప్రభువూ అంత తేలిగ్గా ఆ పనికి పూనుకోడని ఆయన వాదం. ఇది ఊహ కాదు: బ్రిటన్‌తో వ్యాపారమే వద్దన్న నెపోలియన్ కూడా, అక్కడ పంట దెబ్బతిని ధర పెరిగినప్పుడు, లైసెన్సులిచ్చి మరీ ధాన్యం పంపనిచ్చాడు. కట్టడి వల్ల రొట్టె ధర పెరిగితే కూలి పెరుగుతుంది, లాభం తరుగుతుంది, భూస్వామి కౌలు మాత్రం పెరుగుతుంది. భద్రత పేరు చెప్పి ఈ బరువును కూలివాడి ఇంటి మీద మోపడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ప్రతిసమాధానం:
మీరు చెప్పిన కౌలు సంగతి ఒప్పుకుంటాను. కానీ మీ వాదమంతా అమ్మేవాడి మనసు చుట్టూనే తిరిగింది. దారి కాచేవాడి మాట అందులో లేదు. 1846లో ఆ ధాన్యపు కట్టడి చట్టాల రద్దుకు నిర్ణయం జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటన్ తినే గోధుమల్లో దాదాపు అయిదింట నాలుగు వంతులు సముద్రం దాటి వచ్చేవి. 1917లో అమెరికా అమ్మనని అనలేదు. జర్మన్ జలాంతర్గాములే ఓడలను ముంచాయి. రొట్టె పిండిలో బంగాళాదుంప కలిపారు, పచ్చికబయళ్లు దున్నించారు, రైతుకు హామీ ధర ఇచ్చారు.

సమాధానం:
నిజమే, రికార్డో సముద్రాన్ని తక్కువగా లెక్కించారు. అయినా ఆ యుద్ధంలో బ్రిటన్ రొట్టెకు రేషను పెట్టలేదని కూడా గమనించండి. ఓడలను గుంపులుగా కూర్చి, యుద్ధనౌకలను కాపలా పెట్టి గోధుమలు రప్పించుకున్నారు. స్మిత్ రక్షణ కోరింది కూడా ఓడలకే.