మిషనరీలు మా వాకిట్లో మంచు ఎత్తిపోశారు, ఈ సాయం తీసుకోవచ్చా?

లీహై_నాన్న:

అందరికీ నమస్కారం. మేముండేది యూటాలో లీహై అనే ఊళ్లో, వచ్చి ఏడాదిన్నర అయింది. నవంబరులో మాకు పాప పుట్టింది, ఆపరేషన్ చేసి తీశారు. అత్తయ్య రాజమండ్రి నుంచి వచ్చారు కాబట్టి కొంత నయం, అయినా ఆవిడకి ఇక్కడి వంటిల్లు కొత్త, నాకు సెలవు రెండు వారాలే, మొత్తానికి ఇల్లంతా గందరగోళంగా ఉండేది.

పక్కింటావిడ మోర్మన్ (యూటాలో ఎక్కువగా కనిపించే ఒక చర్చి వాళ్లు). ఆవిడ వాళ్ల వార్డులో (ఇక్కడ పేటకో సంఘం ఉంటుంది, దాన్ని వార్డు అంటారు) చెప్పినట్టుంది, పది రోజుల పాటు రోజు విడిచి రోజు ఎవరో ఒకరు భోజనం తెచ్చారు. మేం మాంసం తినమని తెలిసి ఒకావిడ ముందే ఫోన్ చేశారు. వాళ్లు చీజ్ వేసి చేసే బంగాళదుంపల వంటకం ఒకటుంది, అందులో మామూలుగా కోడి సూప్ పోస్తారట, ఆవిడ దాని బదులు పుట్టగొడుగుల సూప్ పోసి, ఆ డబ్బా మీద రాసిన దినుసులన్నీ ఫోటో తీసి పంపారు. అది చూసి మా ఆవిడకి కళ్లనీళ్లు వచ్చాయి.

డిసెంబరులో బాగా మంచు పడిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. నల్ల నేమ్‌ట్యాగులు పెట్టుకున్న ఇద్దరు మోర్మన్ మిషనరీ కుర్రాళ్లు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, వచ్చి మా వాకిలంతా పారలతో శుభ్రం చేశారట. అత్తయ్య లోపలికి రమ్మని పిలిచి, ఫిల్టర్ కాఫీ కలిపి తీసుకెళ్తే గుమ్మం దగ్గరే నిలబడి లోపలికీ రాలేదు, కాఫీ కూడా వద్దన్నారు. ఆవిడ చాలా నొచ్చుకున్నారు. "మన ఇంట్లో అడుగు పెట్టరు, మన చేతి కాఫీ ముట్టరు, మరి మనకి చాకిరీ ఎందుకు చేస్తున్నట్టు?" అని సాయంత్రం నన్ను నిలదీశారు. మరుసటి వారం నేను ఇంట్లో ఉన్నప్పుడు వాళ్లే వచ్చి కూర్చుని చక్కగా మాట్లాడి, వెళ్తూ వెళ్తూ వాళ్ల పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథం తెలుగులో ఉన్నది ఒకటి ఇచ్చి, ఆదివారం చర్చికి రమ్మన్నారు. అప్పటి నుంచి అత్తయ్యకి టెన్షన్. ఊరికే ఎవరూ ఏదీ చెయ్యరు అంటారు.

నాకు వాళ్ల మీద కోపం లేదు, నిజం చెప్పాలంటే ఇష్టమే. కానీ మతం మారే ఉద్దేశం మాకు లేదు. తిన్న తిండికి, తీయించుకున్న మంచుకి బాకీ పడ్డట్టుంది. ఇది సేవా, లేక మతంలోకి లాగే దారా? వద్దని ఎలా చెప్పాలి? తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి మతాల గొడవ మాత్రం పెట్టకండి.

గోదారి_ఎల్డర్:

అన్నా, మాది రాజమండ్రే. నేను అదే సంఘం వాణ్ని, బెంగళూరు మిషన్‌లో 2 ఏళ్లు మిషనరీగా చేసి వచ్చాను. అందుకని లోపలి సంగతులు చెప్పగలను.

ముందు అత్తయ్యగారికి ఈ రెండు ముక్కలు చెప్పండి. కాఫీ, టీ, మందు, పొగాకు మాకు నిషేధం, 1833లో సలహాగా మొదలై తర్వాత నియమంగా మారింది అది. ఆవిడ చేతి కాఫీ అని కాదు, ఎవరిచ్చినా తాగరు. మజ్జిగ ఇస్తే గ్లాసు ఖాళీ చేసి మళ్లీ అడుగుతారు. ఇక లోపలికి రాకపోవడం అంటారా, ఇంట్లో ఆడవాళ్లు మాత్రమే ఉంటే మగ మిషనరీలు లోపలికి వెళ్లకూడదు, పెద్దవాడైన మగమనిషి ఒకరైనా ఉండాలి. మీరున్న రోజు వచ్చి కూర్చున్నారు కదా. ఆవిడ దాన్ని ఇంకోలా అనుకున్నారంటే నాకే బాధగా ఉంది, మన దగ్గర "మా ఇంట్లోకి రారు" అనే మాట ఎంత లోతుగా తగులుతుందో నాకు తెలుసు.

ఆ కుర్రాళ్లకి జీతం ఉండదు. అమెరికా పిల్లలైతే నెలకి 500 డాలర్లు వాళ్లో, వాళ్ల ఇంటివాళ్లో కట్టుకుని వస్తారు. అబ్బాయిలు 2 ఏళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర. ఎప్పుడూ ఇద్దరిద్దరే, ఒంటరిగా తిరగకూడదు. వారంలో కొన్ని గంటలు సేవకని కేటాయించుకుంటారు. మీకు వంట తెచ్చినవాళ్లు మిషనరీలు కారు, రిలీఫ్ సొసైటీ అని మా ఆడవాళ్ల సంఘం, 1842లో పుట్టింది, బాలింత ఉన్న ఇల్లు, చావు జరిగిన ఇల్లు, జబ్బు మనిషి ఉన్న ఇల్లు కనిపిస్తే పేర్లు రాసుకుని వంతులవారీగా వండి పంపుతారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. అబద్ధం చెప్పను, మిషనరీ వచ్చేదే తన విశ్వాసం చెప్పడానికి. నేను కూడా అందుకే వెళ్లాను. మా గ్రంథంలో అమ్మోను అనే అతని కథ ఉంది. శత్రువుల దేశానికి బోధించడానికి వెళ్తే అక్కడి రాజు తన కూతుర్ని ఇచ్చి పెళ్లి చేస్తానంటాడు, ఇతను వద్దు, నీ దగ్గర పనివాడిగా ఉంటానంటాడు. రాజుగారి మందల్ని దొంగల నుంచి కాపాడతాడు, ఆ పోరాటమే అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం దాని తర్వాతి ముక్క ఇష్టం. రాజు ఆశ్చర్యపోయి అతనెక్కడ అని అడిగితే, మీరు ముందు చెప్పిన పని చేస్తున్నాడు, గుర్రాలకి మేత పెడుతున్నాడు అంటారు. అంత చేసి కూడా వచ్చి ఎదురుగా నిలబడలేదు. రాజు పిలిచి అడిగాకే నోరు విప్పాడు.

నేను అలా ఉండలేకపోయాను, ఒకసారి. విశాఖలో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన ఇంటికి నేనూ నా కంపానియనూ (జోడీగా తిరిగే మిషనరీ) వెళ్లి నీళ్ల డబ్బాలు మేడ మీదికి మోసేవాళ్లం. మూడోసారి వెళ్లినప్పుడు నేను పుస్తకం తీశాను. ఆయన నా వైపు చూసి "ఓ, ఇందుకా బాబూ వచ్చేది" అన్నారు. కోపంగా కాదు, నీరసంగా అన్నారు. ఆ గొంతు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆయనకి పుస్తకం వద్దు. మరుసటి వారం వెళ్లాలా మానాలా అని రాత్రంతా ఆలోచించి వెళ్లాం, నీళ్లు మోసి వచ్చేశాం. నన్ను వేరే ఊరికి మార్చేదాకా వెళ్తూనే ఉన్నాను. నాలుగో వారం నుంచి చేసిందే సేవ అని నా మనసుకి తెలుసు, మొదటి మూడు వారాల సంగతి ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కాబట్టి వాళ్లకి సూటిగా చెప్పేయండి అన్నా. "మా విశ్వాసం మాకుంది, చర్చికి రాము, మీరంటే మాకు గౌరవం" అనండి. మీరు వద్దన్నాక ఏం చేస్తారో చూడండి. మీ ప్రశ్నకి జవాబు అక్కడ దొరుకుతుంది, నా మాటల్లో కాదు.

వాసాచ్_కొండలు:

నేను సాల్ట్ లేక్ పక్కన 14 ఏళ్లుగా ఉంటున్నాను. పై తమ్ముడు చెప్పింది నిజం. ఇంకో సంగతి కలుపుతాను. వార్డంటే చర్చికి వచ్చేవాళ్ల జాబితా మాత్రమే కాదు, మ్యాపు మీద వీధుల లెక్కన గీసిన హద్దు. ఆ హద్దులో ఉన్న ఇళ్లన్నీ తన బాధ్యతే అనుకునే బిషప్‌లు (వార్డుకి పెద్దలు) చాలామంది. ఆయనకీ జీతం ఉండదు, పగలు తన ఉద్యోగం తను చేసుకుంటాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ తిండి ఖర్చు పేదల కోసం ఇచ్చేస్తారు. మనకి ఏకాదశి ఉపవాసాలున్నాయి కదా, మిగిలిన ఆ డబ్బు లెక్కపెట్టి ఇంకొకరి కంచంలోకి పంపడం నాకు బాగా నచ్చింది, మేమూ మొదలుపెట్టాం, మా పద్ధతిలో, మా గుడి అన్నదానానికి.

మేం వచ్చిన కొత్తలో ఇద్దరు పొరుగువాళ్లు బాగా దగ్గరయ్యారు. చర్చికి రామని చెప్పాక ఒకాయన పలకరింపు తగ్గించేశాడు, ఆ మాట దాచను, మా పిల్లాడు "వాళ్ల బాబు నాతో ఎందుకు ఆడట్లేదు" అని అడిగిన రోజు చాలా బాధపడ్డాం. రెండో కుటుంబం ఇప్పటికీ మా ఇంటి తాళంచెవి పెట్టుకుని ఉంది, మేం ఇండియా వెళ్తే మొక్కలకి నీళ్లు పోసేది వాళ్లే. ఒకే వార్డు, ఒకే బోధన, మనుషులు వేరు.

స్పానిష్ ఫోర్క్‌లో రాధాకృష్ణ మందిరం హోలీకి ఒకసారి వెళ్లి చూడండి, రంగులు చల్లుకునేవాళ్లలో ఎక్కువమంది ఈ చర్చి కుర్రాళ్లే. మన వాకిట్లోకి వాళ్లు పారతో వచ్చినట్టే, మన గుడికీ వాళ్లొస్తారు.

బాకీ అనిపిస్తే తీర్చండి, తప్పేముంది. సంక్రాంతికి అరిసెలు, పులిహోర పంపండి. జస్ట్‌సర్వ్ అని వాళ్ల చర్చి నడిపే వెబ్‌సైటు ఉంది, ఊళ్లో ఏ సంస్థకి మనుషులు కావాలో అందులో పెడతారు, ఏ మతం వాళ్లైనా వెళ్లొచ్చు. నేను శనివారాలు ఫుడ్ బ్యాంకులో సరుకులు సర్దడానికి వెళ్తాను, పక్కన నిలబడి డబ్బాలు సర్దేవాడి మతమేంటో ఎవరూ అడగరు.

గుండ్లకమ్మ:

నేను ఒంగోలు దగ్గర బాప్టిస్టు కుటుంబంలో పుట్టాను, మోర్మన్‌ని కాను. కానీ ఈ ప్రశ్న మా ఇంటి ప్రశ్న, అందుకే రాస్తున్నాను.

1876-78 కరువులో మా ప్రాంతంలో జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు ఒంగోలులో క్లౌ దొర అని అమెరికన్ మిషనరీ ఉండేవారు. ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చారు. ఆ పని జరిగినన్నాళ్లు బాప్తిస్మం అడిగినవాళ్లకి ఇవ్వలేదు. కూలి కోసం, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం ఆగిపోయి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తేలాకే మొదలుపెట్టారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఎక్కువమంది మాదిగలు. మా ముత్తాత నాన్నగారు అందులో ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఇంత జాగ్రత్త తీసుకున్నా, ఇన్నేళ్ల తర్వాత కూడా మమ్మల్ని "కూటికోసం కలిసినవాళ్లు" అనేవాళ్లు ఉన్నారు. స్కూల్లో నా మొహం మీదే అన్నారు. మా పెద్దలు ఆ ఏట్లో దిగింది అన్నం కోసం కాదు, పక్కన నిలబెట్టి మనిషిగా మాట్లాడినందుకు. తిండి ముందే తిన్నారు, అది అయిపోయాక దిగారు.

అందుకే ఆ కుర్రాళ్లకి నేను చెప్పేది కూడా ఇదే, పారని, పుస్తకాన్ని వెంటవెంటనే పట్టుకురావద్దు. మధ్యలో ఎడం ఉంటే వాళ్లకీ మంచిది, ఒకవేళ ఎవరైనా నిజంగా నమ్మి చేరితే వాళ్ల మనవలకీ మంచిది.

సుజాత_డాలస్:

మీరంతా మంచివైపే చూస్తున్నారు, నేను రెండో వైపు చెప్తాను. నేను ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు ఒక గుంపు (మోర్మన్లు కారు, వేరేవాళ్లు, పేరు అనవసరం) ఎయిర్‌పోర్టుకి కారు పంపి, పరుపు, టేబుల్ అన్నీ ఇచ్చారు. ప్రతి శుక్రవారం భోజనం, తర్వాత ప్రార్థన. నాలుగు నెలల తర్వాత నేను ప్రార్థనకి రానని చెప్పాను. అంతే, ఫోన్లు ఆగిపోయాయి. వాళ్లే నా స్నేహితులనుకున్నాను, ఇక్కడ నాకు వేరే ఎవరూ లేరు. ఆ చలికాలం ఎలా గడిచిందో నాకే తెలుసు.

మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది, ఇంకొకరిని మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో చట్టం వేరు, ఒప్పుకుంటాను. కానీ పచ్చి బాలింత, ఒంటరి స్టూడెంట్, ఉద్యోగం పోయినవాడు, వీళ్ల దగ్గరికి సాయంతో వెళ్లేవాళ్లు తమ చేతిలో ఎంత బలముందో తెలుసుకుని వెళ్లాలి. వద్దనే ఓపిక అప్పుడు మనిషికి ఉండదు.

గోదారి_ఎల్డర్:

అక్కా, మీకు జరిగింది తప్పు. ఏ సంఘం చేసినా తప్పే, మావాళ్లలో కూడా అలా చేసేవాళ్లు లేరని నేను అనను. వాసాచ్ అన్న చెప్పిన ఆ పిల్లాడి సంగతి చదివి నాకు సిగ్గేసింది.

ఒక్క మాట. మా సంఘం హైదరాబాదుకి వచ్చింది ఇంటింటికీ తిరిగి కాదు. ధర్మరాజు అని మన తెలుగాయన సమోవాలో ఉద్యోగం చేస్తూ అక్కడ చేరారు, 1978 చివర్లో భార్యతో కలిసి హైదరాబాద్ వచ్చి సొంత బంధువులకి చెప్పుకున్నారు, 22 మంది చేరారు. బంధువు దగ్గర దాపరికం నడవదు, రేపు పెళ్లిలో, చావులో మళ్లీ మొహం చూపించాలి. మిషనరీకి ఆ భయం లేదు, ఆరు వారాలకో, పన్నెండు వారాలకో ఊరు మారిపోతాడు. మా పద్ధతిలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది అదే. మనిషికి అలవాటు అయ్యేలోపు వెళ్లిపోతాం, ఆ తర్వాత ఆ ఇంటిని చూసుకోవాల్సింది వార్డువాళ్లు. వాళ్లు చూసుకోకపోతే మేం చేసిందంతా ఎరలాగే మిగిలిపోతుంది.

లీహై_నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. మీరు రాసినవన్నీ అత్తయ్యకి చదివి వినిపించాను. ఇంట్లో ఆడవాళ్లే ఉన్నారని లోపలికి రాలేదని తెలిశాక ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఆ సంగతి అప్పుడే చెప్పొచ్చుగా పిల్లలు" అన్నారు. గుండ్లకమ్మగారు రాసింది రెండుసార్లు చదివించుకున్నారు.

నిన్న సాయంత్రం వాళ్లిద్దరూ వచ్చారు. నేను ఇంట్లోనే ఉన్నాను, మజ్జిగ ఇచ్చాం, అల్లం వేసి. అన్నట్టే రెండో గ్లాసు తాగారు. నేను చెప్పేశాను, చర్చికి రామని, పుస్తకం మాత్రం ఉంచుకుంటానని, అందులో తెలుగు ఎలా ఉందో చూడాలనుందని. ఆ పెద్దబ్బాయి కాస్త నిరాశపడ్డాడు, మొహంలో తెలిసింది. దాచుకోవడానికి ప్రయత్నించలేదు, అది నాకు నచ్చింది. లేచేముందు చిన్నవాడు అడిగాడు, మంచు పడితే మేం మళ్లీ రావచ్చా అని. రండి, ఈసారి రెండో పార నేను పట్టుకుంటానని చెప్పాను.

పక్కింటావిడకి రేపు పులిహోర పంపుతున్నాం. కారం ఎంత తగ్గించాలో వాసాచ్‌గారు చెప్తే బాగుంటుంది. మంచు మాత్రం ఇంకా పడలేదు. వచ్చే బుధవారం పడుతుందంటున్నారు.