అట్‌వాటర్ కెంట్ 1936లో రేడియో కర్మాగారాన్ని మూసివేయడం నాణ్యత మీద నిష్ఠా, పలాయనమా?

పాతవాల్వు:
ఫిలడెల్ఫియాలో ఆర్థర్ అట్‌వాటర్ కెంట్ నడిపిన రేడియో కర్మాగారం 1936లో మూతపడింది. గిరాకీ చౌక రేడియోల వైపు మళ్లినప్పుడు తన పేరు మీద నాసిరకం సరుకు బయటికి వెళ్లడం ఇష్టంలేక ఆయన మూసివేశారని పాత రేడియోలు సేకరించేవారు చెప్పుకుంటారు. నేను ఆ మాటను నమ్ముతాను. నా దగ్గర 1925 నాటి మోడల్ 20 కాంపాక్ట్ ఉంది. ఐదు వాల్వులు (సంకేతాన్ని పెంచే గాజు గొట్టాలు), మూడు డయళ్లు. ఒక స్టేషన్ పట్టాలంటే మూడింటినీ పొంతన కుదిరేదాకా ఓపికగా తిప్పాలి. ఇన్నేళ్లు గడిచినా ఆ డయళ్లలో వదులు లేదు. రేడియోలకు ముందు ఆయన మోటారు కార్లకు ఇగ్నిషన్ పరికరాలు చేసేవారు కాబట్టి, బేక్‌లైట్ అనే తొలినాటి ప్లాస్టిక్‌ను పోత పోయడంలోనూ లోహపు భాగాలను కొలత తప్పకుండా చేయడంలోనూ ఆ కర్మాగారానికి చేయి తిరిగి ఉంది. 1923లో భాగాలన్నిటినీ నునుపైన చెక్క పలక మీద బిగించి, మూత కూడా లేకుండా అమ్మారంటే, దాచుకోవలసిన లోపం ఏదీ లేదన్న ధీమా ఉన్నట్టే కదా? అలాంటి మనిషి రాజీపడకుండా తప్పుకోవడాన్ని నేను గౌరవిస్తాను.

తీగచుట్ట:
పాతవాల్వు గారూ, చెక్క పలక రేడియోల అందాన్ని నేను కాదనను. కానీ నాణ్యత కోసమే మూసివేశారన్న మాటను ఆయన చేసిన పనులే బలపరచడం లేదు. 1926లో వచ్చిన మోడల్ 35ను చూడండి. చెక్క పెట్టె పోయి ఉక్కు రేకు పెట్టె వచ్చింది, మూడు డయళ్ల స్థానంలో ఒకటే మిగిలింది. వేగంగా, ఎక్కువగా చేయడానికి వేసిన అడుగు అది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆయన తన ఇంజనీరింగ్ డిజైను విభాగాన్ని 1931లోనే రద్దు చేశారు. కొత్తది రూపొందించేవారిని పంపివేసిన తరువాత అయిదేళ్లు అమ్మకాలు సాగించిన సంస్థ గురించి, నాణ్యత కోసం ప్రాణం పెట్టిందని ఎలా అనగలం?

పాతవాల్వు:
ఉక్కు పెట్టెను "రేకు" అని తేల్చివేయడం సరికాదు. అంత పెద్ద పలకను ముడత లేకుండా అచ్చులో నొక్కి, మూలలు గుండ్రంగా వచ్చేలా చేయడానికి భారీ ప్రెస్సులు కావాలి. డయల్ ఒకటే కావడం కూడా చౌకతనం కాదు. స్టేషన్‌ను పట్టే లోపలి భాగాలైన కండెన్సర్లన్నీ సన్నని పట్టీలతో కలిసి తిరుగుతాయి. ఒకటి కొద్దిగా వెనుకబడినా స్టేషన్ సరిగా పలకదు. ఇది మూడు డయళ్లకన్నా కష్టమైన పని.

మీటరుబ్యాండు:
నాణ్యత అంటే నా అనుభవం చెబుతాను. నా అట్‌వాటర్ కెంట్ సెట్టులో ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగ తెగిపోయింది. దాన్ని తారు పోసి మూసేశారు కాబట్టి విప్పి చూసే దారి లేదు. బాగుచేయమని ఇచ్చిన చోట నన్ను ఒక్క మాటైనా అడగకుండా తారు కరిగించి, పాత చుట్టను పారవేసి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి పంపారు. పెట్టె పాతదే, పలికేది మాత్రం కొత్తది. బాగుచేయడానికి వీలులేకుండా తారులో పాతిపెట్టిన వస్తువును నాణ్యమైనదని నేను అనలేను.

పాతవాల్వు:
మిమ్మల్ని అడగకుండా చుట్టను పారవేసిన వారి తప్పును తారు మీదికి నెట్టకండి. తేమ సోకకుండా ఉండాలనే తారు పోశారు.

మీటరుబ్యాండు:
తేమ సోకకుండా ఉంటే తీగ ఎందుకు తెగింది?

నిశ్శబ్దశ్రోత:
ప్రశ్న 1936 గురించి కదా, తారు దగ్గర ఎందుకు ఆగిపోయాం?

పాతవాల్వు:
ఆగింది నేను కాదు. రేకు అనీ, తారు అనీ తక్కువ చేసి మాట్లాడేవారు తమ చేత్తో ఒక్క కాయిల్ చుట్టి చూస్తే ఆ పని విలువ తెలుస్తుంది.

తీగచుట్ట:
ఈ మాట మీరు నాతో అనకుండా ఉండవలసింది. మా అమ్మ హైదరాబాదులో రేడియో విడిభాగాలు చేసే ఒక చిన్న కర్మాగారంలో పదకొండేళ్లు కాయిళ్లు చుట్టారు. ఇక్కడ నేను పెట్టుకున్న పేరు ఆమె పని పేరే. చౌక సరుకుతో పోటీపడి పేరు చెడగొట్టుకోలేనని యజమాని దాన్ని మూసివేశారు. ఊరివారు ఆయనకు శాలువా కప్పారు. అమ్మకు చివరి రెండు నెలల జీతం రాలేదు. అందుకే "రాజీపడని మనిషి" అన్న మాట చదవగానే నాకు కోపం వస్తుంది. 1929లో కెంట్ దగ్గర 12,000 మందికి పైగా పనిచేశారు, ఆ ఏడాది దాదాపు పది లక్షల రేడియోలు తయారయ్యాయి. మూసివేశాక ఆయన కాలిఫోర్నియాలోని బెల్ ఎయిర్ భవనంలో ఘనమైన విందులిస్తూ జీవించి 1949లో మరణించారు. తప్పుకునే స్తోమత ఆయనకు ఉంది, కాయిల్ చుట్టినవారికి లేదు. అదే నగరంలో ఫిల్కో అనే రేడియో సంస్థ 1930లో యాభై డాలర్ల లోపు ధరకు బేబీ గ్రాండ్ అనే చిన్న రేడియోను తెచ్చింది, 1933లో కార్మిక సంఘంతో ఒప్పందం చేసుకుంది. చౌకగా చేస్తే పేరు పోతుందన్నది నిజమైతే ఈనాటికీ ఫిల్కో సెట్లను ఎందుకు సేకరిస్తున్నారు?

పాతవాల్వు:
అమ్మగారి సంగతి తెలియక అన్న మాట అది, క్షమించండి. అయినా నా వాదన పూర్తిగా విడిచిపెట్టలేను. మాజెస్టిక్ రేడియోలు చేసిన గ్రిగ్స్‌బీ-గ్రూనో సంస్థ కూడా కెంట్‌లాగే పెద్దది. ఆర్థిక మాంద్యంలో ధరలతో పోరాడి 1934లో దివాలా తీసింది. అక్కడి కార్మికులకు ఒరిగిందేమిటి? పైగా కెంట్ తన సంపదను దాచుకోలేదు. ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ అనే విజ్ఞాన సంస్థ పాత భవనాన్ని కొని, నగర చరిత్ర ప్రదర్శనశాల కోసం ఫిలడెల్ఫియాకు ఇచ్చారు.

తీగచుట్ట:
భవనం నగరానికి దక్కింది, నిజమే. పని పోయినవారికి దానివల్ల దక్కిందేమీ లేదు. దివాలా తీసిన గ్రిగ్స్‌బీ-గ్రూనోను రాజీపడని సంస్థ అని ఎవరూ పొగడలేదు కదా? కెంట్ మూసివేశారని నేను తప్పుపట్టడం లేదు. అలా మూసివేసినందుకే ఆయనను కీర్తించడం మీదే నా అభ్యంతరం.

మీటరుబ్యాండు:
తారు విషయంలో నా అభిప్రాయం మారలేదు. కానీ పారవేసిన ఆ పాత చుట్టను చుట్టిందెవరన్న ఆలోచన నాకు ఇంతవరకూ రాలేదు.

పాతవాల్వు:
నా మోడల్ 20ను ప్రదర్శనలకు తీసుకువెళ్లినప్పుడు పక్కన ఒక పరిచయ పత్రం పెడతాను. "నాణ్యత విషయంలో రాజీపడక 1936లో మూసివేశారు" అని అందులో ఉంది. దాన్ని "సేకర్తలు ఇలా చెప్పుకుంటారు" అని మార్చి, ఆ 12,000 మంది సంగతి కూడా రాస్తాను.

తీగచుట్ట:
1931ని కూడా చేర్చండి.