మూజువాణి ఓటుతో (అవును, కాదు అని నోటితో అరిచే ఓటు) చట్టం చేస్తే మన ఎంపీ ఎటున్నాడో మనకెట్టా తెలిసేది?

నెల్లూరు అబ్బయ్య:
2014 ఫిబ్రవరి 18. ట్రంకు రోడ్డులో టీ కొట్టు కాడ నిలబడి విభజన బిల్లు చూస్తా ఉండాం. ఉన్నట్టుండి లోక్‌సభ ప్రసారం ఆగిపోయింది. టీవీ చెడిందనుకుని కొట్టాయన రిమోటు నొక్కతానే ఉండాడు, పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలా. కాసేపటికి కింద స్క్రోలింగ్: మూజువాణి ఓటుతో పాస్ అని. రాష్ట్రం రెండు ముక్కలైంది, అవునన్నోళ్ల పేర్లు రికార్డులో లేవు. ఇంత పెద్ద బిల్లులకైనా పేరుపేరునా ఓటు తప్పనిసరి చేయాల.

కావలి మేష్టారు:
సగమే చెప్తుండావు అబ్బయ్యా. అంతకుముందు జనవరి 30న మన అసెంబ్లీ ఆ బిల్లు వద్దని తీర్మానించిందే, అదీ మూజువాణే. అప్పుడు మనకు తప్పుగా తోచలా! అరుపులు విని స్పీకరు తేల్చినా, ఒప్పుకోని సభ్యుడు డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టమని అడగొచ్చు. సీటు ముందు బొత్తాలుంటాయి, అవునంటే పచ్చది, కాదంటే ఎర్రది, ఎటూ కాకపోతే పసుపుది. ప్రతి బిల్లుకీ, ప్రతి సవరణకీ ఇదే పెడితే తెల్లారిపోద్ది.

నెల్లూరు అబ్బయ్య:
అడిగితే ఇస్తారా? 2020లో రాజ్యసభలో సాగు బిల్లులప్పుడు అడిగారు. మీరు సీట్లలో లేరు, కుదరదన్నారు. 2023లో మహిళా రిజర్వేషన్‌కైతే లోక్‌సభలో 454 అవునని, 2 కాదని లెక్క తేలింది. రాజ్యాంగ సవరణ గనక లెక్కపెట్టక తప్పలా.

ఒంగోలు పొగాకు రైతు:
లెక్క తేలితే ఏంది లాభం? 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిషేధం) వచ్చినకాడ్నించి విప్, అంటే ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరిస్తే సభ్యత్వమే పోద్ది. మీ ఎంపీ ఏ బొత్తాం నొక్కుతాడో పార్టీ ఆఫీసు ముందు టీలు మోసే పిల్లోడు కూడా చెప్తాడు.

నెల్లూరు అబ్బయ్య:
అంత తేలిగ్గా తీసేయబాకన్నా. ఆ ఫిబ్రవరిలోనే సీమాంధ్ర కాంగ్రెస్ ఎంపీలు ఆరుగురు సొంత పార్టీకే ఎదురుతిరిగి బహిష్కరణకు గురయ్యారు. తెగించినోళ్లెవరో, కిమ్మనకుండా కూర్చున్నోళ్లెవరో తెలియొద్దా?

వాకాడు వాసి (మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపేశారు, అయినా నెల్లూరోళ్లమే):
ఓట్ల సంగతి అట్టుంచండి. ప్రత్యేక హోదా అంటే అప్పటి ప్రధాని రాజ్యసభలో నోటిమాటగా చెప్పింది, చట్టంలో ఎక్కలా, సరే. మా దుగరాజపట్నం రేవు అచ్చులోనే ఉందిగా! విభజన చట్టం పదమూడో షెడ్యూలు తీసి చూడండి, మొదటి దశ 2018 ఆఖరుకి కావాలని ఉంది. 2018 పోయింది, ఓడ రాలా.

కావలి మేష్టారు:
అది అమలు చేసేవాళ్ల తప్పు నాయనా, ఓటింగ్ పద్ధతి తప్పు కాదు.

నెల్లూరు అబ్బయ్య:
కావచ్చు మేష్టారూ. పేర్ల కాగితం ఒకటుంటే, 2019లో ఓట్లడగను మా వీధికొచ్చినోళ్లకి చూపించి రేవేదని అడిగుండేవాళ్లం.