రోమాల మీద రాసే పిల్లల ఫాంటసీలో శాపం పెట్టే అవ్వ ఉండాలా, వద్దా?

పాలపిట్ట: నవల 1890ల ఇంగ్లండ్‌లో జరుగుతుంది, పదేళ్ల పిల్లల కోసం. నాయిక గుర్రబ్బండిలో తిరిగే రోమా పిల్ల, అంటే జిప్సీలని బయటివాళ్లు పిలిచే జాతి పిల్ల. చెయ్యి చూసే అవ్వ, ఆమె శాపం, బండిలో మాట్లాడే పిల్లి. ఇవి తీసేస్తే ఇంక ఫాంటసీ ఏముంటుంది?

చిట్టడవి: శాపం తీసెయ్యండి. వాళ్లని ఊళ్లలోంచి తరమడానికి అలాంటి కథలే సాకయ్యాయి. జోస్యం గాజోలకి, అంటే బయటివాళ్లకి, అమ్ముకునే సరుకు. మాయకి వేరే దారుంది: పాట్రిన్. మన పత్రం లాంటి మాటే, ఆకు అని అర్థం. ముందెళ్లిన బండివాళ్లు కూడలిలో గడ్డీ కొమ్మలూ పేర్చి, వెనకొచ్చేవాళ్లకి దారి చెప్పేవారు. ఆ గుర్తుని ఎవరో రాత్రికి రాత్రి తిప్పేశారనుకోండి, కథ నడుస్తుంది.

తుమ్మెద: పిల్లి కుదరదండీ. ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి వాళ్ల లెక్కలో మైల. గుర్రం శుభ్రం. ముళ్లున్నది నాక్కోలేదు కనక ముళ్లపందీ శుభ్రమే, కానీ దాన్ని నేస్తంగా పెట్టకండి, కాల్చుకుని తినేవారు! గిన్నెలు కడిగే బేసిన్‌లో మొహం కడిగించినా తప్పే, దేని బేసిన్ దానిదే.

పాలపిట్ట: ఇన్ని ఆచారాలు కుక్కితే సాంఘికశాస్త్రం పాఠమవుతుంది. మన లంబాడీల తీరులో రాసేస్తే పోదా?

చిట్టడవి: పోదు. రోమాలు భారతదేశం వదిలి సుమారు వెయ్యేళ్లు. దారిలో గ్రీకు నుంచి ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా (ఏడు, ఎనిమిది, తొమ్మిది) తెచ్చుకున్న భాష వాళ్లది. అద్దాల లంగా తొడిగితే అది వేరే కథ. ఆచారం వివరించక్కర్లేదు. పిల్ల తప్పు బేసిన్‌లో చెయ్యి పెడుతుంది, అమ్మ కసురుతుంది. రెండు వాక్యాలు.

తుమ్మెద: బండిలోకి ఎక్కుతుంటే పొయ్యి ఎడమ చేతి వైపు రావాలి. తలుపు బండి ముందువైపు ఉంటుంది కనక ఎక్కేవాళ్ల ఎడమ బండికి కుడి. అక్కడ బండ్లు రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తాయి. కాబట్టి పొగగొట్టం రోడ్డు మధ్య వైపుకి వచ్చి, పక్క చెట్ల కొమ్మలకి తగలదు. బొమ్మలేసేవాళ్లు తిరగేస్తారు, చూసుకోండి. పిల్లలు పడుకునేది వెనక పెద్ద మంచం కింది అరలో. రాత్రి గుసగుసలకి అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇక అసలు మాయ ములో, అంటే చచ్చినవాడు. మనిషి పోతే బండినీ సామాన్లనీ తగలబెట్టే కుటుంబాలుండేవి, ఆత్మ వాటి కోసం తిరిగి రాకుండా. తాత కప్పు ఒక్కటి కాల్చకుండా పిల్ల దాచుకుంటే?

పాలపిట్ట: కప్పు బావుంది. శాపం, పిల్లి పోయాయి. అవ్వ మాత్రం ఉంటుంది. చెయ్యి చూసేది గాజోలదే, అదీ నాణెం పడ్డాకే.

చిట్టడవి: అయితే ఆమె చెప్పిన జోస్యం నిజమవ్వకూడదు. అక్కడే నాకు పేచీ.