గుర్రం దగ్గర ఓపిక పట్టమంటారు, పట్టి ఏం చేయాలి? వైజాగ్ రైడర్లు చెప్పండి

పెదవాల్తేరు_అమ్మ:
మా పాప తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో రైడింగ్‌లో చేర్చాం. ఎక్కి కూర్చున్నాక ఏ ఇబ్బందీ లేదు, ట్రాట్ అనే చిన్న పరుగు దాకా వచ్చేసింది. సమస్యంతా కింద ఉన్నప్పుడే. హాల్టర్ (తలకి తగిలించే పట్టీ) పట్టుకుని వెళ్తే గుర్రం తల పైకెత్తి మొహం తిప్పేసుకుంటుంది, వెనక కాలు ఎత్తమంటే ససేమిరా ఎత్తదు, గిట్ట శుభ్రం చేయకుండా జీను వేయనివ్వరు కాబట్టి పిల్ల అక్కడే ఆగిపోతోంది. "నేనంటే దానికి ఇష్టం లేదమ్మా" అని ఇంటికొచ్చి ఒకటే బాధ. ఓపిక పట్టమని అందరూ అంటున్నారు. పట్టినంతసేపూ ఏం చేయాలో ఎవరైనా చెప్తారా?

కొమ్మాది_రైడర్:
మంచి ప్రశ్న అడిగారండి. ఊరికే నిలబడి చూస్తూ ఉంటే గుర్రం ఏమీ నేర్చుకోదు. దానికి పాఠం అందేది మనం పట్టు వదిలే క్షణంలో. తాడు మెల్లగా బిగించాం, అది ఒక అడుగు వేసింది, ఆ అడుగు పడుతుండగానే తాడు వదులైపోవాలి. కాస్త ఆలస్యమైతే ఎందుకు వదిలారో దానికి అర్థం కాదు.

గిట్టకీ ఇదే లెక్క. పాపని తోకవైపు తిరిగి, తుంటి పక్కనే ఆనుకున్నంత దగ్గరగా నిలబడమనండి. గుర్రం భుజం మీద పెట్టిన చెయ్యి తీయకుండా వీపు మీదుగా తుంటికి, అక్కడి నుంచి కాలి కిందకి నిమురుకుంటూ రావాలి. ఆ కాలి మీద బరువు తగ్గించి కాస్త పక్కకి ఒరిగిందనుకోండి, కాలు ఎత్తకపోయినా సరే, వెంటనే చెయ్యి తీసేసి మెచ్చుకోవాలి. మొదటి రోజుకి అదే చాలు. తర్వాత్తర్వాత గిట్ట చేతికి ఇస్తుంది, అప్పుడు అది లాక్కునేలోపే మనమే నెమ్మదిగా కింద పెట్టేయాలి. లాక్కున్నాక వదిలితే ఆ లాక్కోవడమే అలవాటవుతుంది. ఒరగడానికి ముందే చెవి మన వైపు తిరుగుతుంది, కింది పెదవి వదులవుతుంది. నాకు ఓపిక అబ్బింది ఆ చెవినీ పెదవినీ చూస్తూ ఉండటం వల్లే.

గరివిడి_వెటర్నరీ:
పశువైద్యం చదువుతున్నాను. శిక్షణ సంగతి తర్వాత, ముందు నొప్పి ఉందేమో డాక్టరుకి చూపించండి. గుర్రం వేటకి బలయ్యే జాతి, నొప్పి అంత తొందరగా బయటపడనివ్వదు. ఒక వెనక కాలు ఎత్తితే ఆ బరువు రెండో కాలి మీద పడుతుంది, అక్కడ కీలు నొప్పిగా ఉంటే ఎత్తనే ఎత్తదు. వానల్లో కొట్టం నేల తడిగా ఉండి గిట్ట అడుగున మెత్తటి భాగం కుళ్లడం కూడా మామూలే. నల్లగా, దుర్వాసనగా ఉంటే అదేనని అనుమానించాలి.

తల ఎత్తేయడం చూపు వల్ల కావచ్చు. కళ్లు పక్కలకి ఉంటాయి కాబట్టి దానికి దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది గానీ నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోక వెనకాల కనపడదు. మొహానికి ఎదురుగా చెయ్యి చాపితే ఆ చెయ్యి దానికి మాయమైపోతుంది. ఎడమ భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లమనండి. ఇంకో మాట, గుర్రం ఒళ్లు చల్లబడేది ఎక్కువగా చెమటతోనే, మన వైజాగ్ ఉక్కపోతలో ఆ చెమట ఆరదు. తెల్లవారే పాఠాలు పెట్టించుకోండి.

బీచ్‌రోడ్డు_కుర్రాడు:
మాది ఆర్కే బీచ్‌లో గుర్రాలు తిప్పే కుటుంబం. కొత్త గుర్రం అలల దగ్గరకు రానే రాదండి. నీళ్లు వెనక్కి లాగేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారుతుంది కదా, దానికి భూమే కదిలిపోయినట్టు. మా నాన్న కొట్టేవాడు కాదు, లాగేవాడు కాదు. బీచ్‌లోని సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర జనం పల్చబడ్డాక తీసుకెళ్లి, అది ఎక్కడ ఆగితే అక్కడే తనూ ఆగేవాడు. నురగ గిట్టలకి తగిలి, అది నోరు చప్పరించి తల దించగానే వెనక్కి తిప్పేసేవాడు, ఇంకో అడుగు వేయగలదని తెలిసినా సరే. "ఆ అడుగు రేపటికి ఉంచరా" అనేవాడు. నెల పైనే పట్టింది. ఇప్పుడు అదే గుర్రం మీద చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి నీళ్ల అంచున నడిపిస్తున్నాం.

గాజువాక_నైట్‌షిఫ్ట్:
పాప టెన్షన్ పడుతుంటే అది కూడా గుర్రానికి తెలిసిపోతుంది. జర్మనీలో హాన్స్ అని ఒక గుర్రం లెక్కలు అడిగితే గిట్టతో తట్టి జవాబు చెప్పేది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన పరీక్ష చేసి చూస్తే, అడిగే మనిషికి జవాబు తెలియకపోతే దానికీ తెలియట్లేదు. అడిగినవాళ్ల తల, ఒంటి కదలికలు చూసి ఎక్కడ ఆపాలో పసిగట్టేదన్నమాట. నేను షిఫ్ట్ దిగి హైవే ట్రాఫిక్‌లో మధురవాడ దాకా వచ్చాక నేరుగా గుర్రం దగ్గరకు వెళ్లను. బండి పక్కన కాసేపు కూర్చుని ఊపిరి కుదుటపడ్డాకే వెళ్తాను. రోజూ తేడా కనిపిస్తుంది.

మధురవాడ_తాతయ్య:
అన్నీ బాగున్నాయి గానీ ఒక్క మాట. ఓపిక పేరుతో భుజంతో నెట్టినా, చొక్కా కొరికినా ఊరుకోకూడదు. నాలుగు వందల కిలోల జీవి అది. నెట్టిందంటే ఆ క్షణమే రెండడుగులు వెనక్కి వేయించాలి, అంతటితో మర్చిపోవాలి, కోపం మోయకూడదు. తాడు చేతికి చుట్టుకోవద్దని పాపకి గట్టిగా చెప్పమ్మా.

కొమ్మాది_రైడర్:
తాతయ్యగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

పెదవాల్తేరు_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. డాక్టర్ వచ్చి చూశారు, కుడి వెనక గిట్టలో గరివిడి బాబు చెప్పిన కుళ్లే ఉంది. మందు వేస్తున్నారు, కింద పొడి ఊక పరిచారు. మా అమ్మాయికి ఎంత ఊరటో చెప్పలేను, తనంటే అయిష్టం కాదని తెలిసింది కదా. ప్రస్తుతం జీను లేదు. ఎడమ వైపు నిలబడి మెడ చివర, జూలు ఆగే చోట గోకుతుంది, అంతే. నిన్న గుర్రమే తల దించి హాల్టర్‌లో ముక్కు పెట్టింది.

గరివిడి_వెటర్నరీ:
గుర్రాలు ఒకదాన్నొకటి గోక్కునేది కూడా అక్కడేనండి. ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని పరిశోధనల్లో కూడా తేలింది. కొనసాగించమనండి.

పెదవాల్తేరు_అమ్మ:
ఇంకొక్క సందేహం. నేవీ డే విన్యాసాలు మన బీచ్‌లో పెడితే హెలికాప్టర్ల మోత ఉంటుంది కదా, అప్పుడు ఎలా?

బీచ్‌రోడ్డు_కుర్రాడు:
రిహార్సల్స్ ఎప్పుడో ముందే కనుక్కోండి మేడమ్. ఆ పూట బెదరని పెద్ద గుర్రాన్ని పక్కనే కట్టించి, ముందు గడ్డి ఎక్కువగా వేయించండి. పాపని మాత్రం ఆ శబ్దాలు ఆగాకే లోపలికి పంపండి.