కొత్త స్టాఫ్ నర్సు మొదట ఐసీయూలో చేరాలా, జనరల్ వార్డులో చేరాలా?

ఖమ్మం అమ్మాయి: ఈ ఏడాదే బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లూ పూర్తి చేశాను. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి నేరుగా ఐసీయూలో వేస్తామంటోంది, కానీ రెండేళ్ల బాండు రాసి ఒరిజినల్ సర్టిఫికెట్లు తమకు అప్పగించమంటోంది. మా జిల్లా ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద జనరల్ వార్డు పని దొరికేలా ఉంది. సీనియర్ సిస్టర్లు సలహా ఇవ్వగలరు.

వార్డు సిస్టర్: వార్డుకే వెళ్లమ్మా. నేను ఇరవై ఆరేళ్లుగా వార్డులోనే ఉన్నాను. నిన్నటిదాకా కబుర్లు చెప్పిన పెద్దాయన ఇవాళ గోడవైపు తిరిగి పడుకుంటే ఆగి చేయి పట్టుకుని చూడాలి. ఆ చేయి చల్లబడి చెమట పట్టిందనీ, నాడి వేగంగా కొట్టుకుంటోందనీ గమనించి, బీపీ పడిపోకముందే డాక్టరును పిలవగలగడం వార్డులోనే అలవడుతుంది. మానిటర్ మోగేదాకా ఎదురుచూసే నర్సులను నేను చాలామందిని చూశాను.

గల్ఫ్ నర్స్: నేను ఒప్పుకోను. ఐసీయూలో ఒక్క రోగిని షిఫ్టంతా దగ్గరుండి చూసుకోవచ్చు. ముప్పై ఆరు పడకలకు ఒక్కరే ఉన్న వార్డులో సెలైన్ సీసాలు మార్చడానికే రాత్రి గడిచిపోతుంది. విదేశాల ఇంటర్వ్యూలలోనూ ఐసీయూ అనుభవాన్నే ముందు అడుగుతారు.

నల్గొండ: ఎక్కడ చేరినా సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకు చెల్లీ.

వార్డు సిస్టర్: చేరకముందే విదేశాల మాటెందుకు? మొదట పని రావాలి. మేము ఓర్చుకునే నేర్చుకున్నాం.

గల్ఫ్ నర్స్: ఓర్పు గురించి నాకు చెప్పకండి మేడమ్. నా సర్టిఫికెట్లను ఒక ఆసుపత్రి పదకొండు నెలలు తిరిగి ఇవ్వలేదు, ఆ కారణంగానే మొదటి ఇంటర్వ్యూ పోయింది. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రి కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2016లోనే సిఫార్సు చేసింది. నాకు అందులో సగం కూడా రాలేదు.

వార్డు సిస్టర్: జీతం వేరు, శిక్షణ వేరు. అడిగిన ప్రశ్న శిక్షణ గురించి.

గల్ఫ్ నర్స్: అయితే శిక్షణ గురించే చెబుతాను. చేరిన మూడో వారం, నైట్ డ్యూటీలో, పొటాషియం క్లోరైడును సెలైన్‌లో కలపకుండానే సిరంజిలోకి తీసి, రోగి చేతి నరంలో మందు ఎక్కించడానికి పెట్టిన క్యాన్యులా దగ్గరికి వెళ్లాను. అలా నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. పక్క వార్డు నుంచి దూది కోసం వచ్చిన సిస్టర్ చూసి నా మణికట్టు పట్టుకుంది. ఆమె రాకపోయి ఉంటే తప్పు నాదే అనేవారు, నన్ను ఒంటరిగా వదిలినవారి పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. అది జనరల్ వార్డే మేడమ్.

వార్డు సిస్టర్: నిజమే చెబుతాను. నా వార్డులోనూ రాత్రి ఒక్కరే ఉంటారు. వచ్చిన పిల్లలందరూ ఏడాది తిరగకుండా ఐసీయూకో, జర్మనీ ఉద్యోగాల కోసం జర్మన్ భాష క్లాసులకో వెళ్లిపోతుంటే ఆ పడకలను ఎవరు చూస్తారన్నదే నా బాధ. ఈ అమ్మాయిని వార్డుకు రమ్మనడంలో ఆ స్వార్థమూ ఉంది.

గల్ఫ్ నర్స్: ఆ బాధ న్యాయమైనదే. కానీ ఖాళీలు నింపవలసింది ప్రభుత్వం, దాని భారాన్ని ఇరవై రెండేళ్ల పిల్ల మీద వేయకూడదు.

ఖమ్మం అమ్మాయి: సర్టిఫికెట్లు ఇవ్వను. మొదటి నెల నైట్ డ్యూటీలో నా పక్కన సీనియర్ ఎవరు ఉంటారో రెండుచోట్లా అడుగుతాను.

వార్డు సిస్టర్: అడుగమ్మా. ఎన్ని వారాలు ఉంటారో కూడా రాసి ఇవ్వమను.