అప్‌డేట్: షట్‌డౌన్ చేసిన పీసీని కూడా ఇప్పుడు నెట్‌వర్క్ ద్వారా లేపగలుగుతున్నా

నా సమస్య ఇదీ: స్లీప్‌లో ఉంటే పీసీ వేక్ ఆన్ ల్యాన్‌తో (నెట్‌వర్క్ ద్వారా సిగ్నల్ పంపి పీసీని ఆన్ చేసే పద్ధతి) లేచేది, షట్‌డౌన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. ఆఫ్ చేశాక ల్యాన్ పోర్ట్ లైటు చూడమని ఒకరన్నారు. చూస్తే ఆరిపోయి ఉంది! బయోస్‌లో ఈఆర్‌పీ (పీసీ ఆఫ్‌లో ఉన్నప్పుడు కరెంటు ఆదా చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉండి నెట్‌వర్క్ కార్డుకు కరెంటు అందనివ్వట్లేదు. అది తీసేశాక లైటైతే వచ్చింది, పీసీ లేవలేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పీసీ త్వరగా ఆన్ అయ్యేలా, షట్‌డౌన్‌లో పూర్తిగా ఆపకుండా ఉంచే ఆప్షన్) కూడా ఆపాక లేచింది. (ఆ ఆప్షన్‌ని అంత లోపల ఎందుకు దాచారో!)

ఇంకో తిరకాసు: పీసీ ఆపిన వెంటనే మ్యాజిక్ ప్యాకెట్ (దాన్ని లేపే సిగ్నల్) పంపితే లేచేది, కాసేపాగితే లేదు. కారణం, ఆ ప్యాకెట్ పీసీ ఐపీ అడ్రస్‌కే వెళ్లేది. కొంతసేపటికి ఆర్ప్ టేబుల్లో (ఏ ఐపీ ఏ నెట్‌వర్క్ కార్డుదో రాసుకునే పట్టిక) పీసీ ఎంట్రీ పోతుంది, ప్యాకెట్‌కి దారి దొరకదు. నా నెట్‌వర్క్‌లోని అన్ని పరికరాలకూ చేరే బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ 192.168.1.255కి, పోర్ట్ 9కి పంపుతుంటే ఇప్పుడు ఎప్పుడైనా లేస్తోంది.